మా ఆవిడ వాక్యాలు

మన భాష కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం మా ఆయన ఒక నిఘంటువు రాశాడు. పదకొండేళ్ళు పట్టింది. అర్థాలన్నీ బుద్ధిగానే రాసి, ఉదాహరణ వాక్యాల దగ్గరకి వచ్చేసరికి నా పరువు తీశాడు మహానుభావుడు. 'కోపం' అన్న మాట కింద 'మా ఆవిడకి కోపం ముక్కు మీదే ఉంటుంది' అని. 'గురక' కింద 'మా ఆవిడ గురక పెడుతుంది, కానీ ఒప్పుకోదు' అని. ప్రూఫులు దిద్దింది నేనే. రెండుసార్లు కొట్టేశాను, రెండుసార్లూ మళ్ళీ ఎక్కించాడు. నేను గురక పెట్టనని ఇప్పటికీ ఒట్టేసి చెప్తాను.

ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. ఇప్పుడు ఆ పుస్తకానికి కొత్త కూర్పు వస్తోంది. కొత్త ఎడిటరుది నా కొడుకు వయసు, నెమ్మదస్తుడే.

"అమ్మగారూ, ఏమీ అనుకోకండి. ఒకరి ఇంటి గోల చదివేవాళ్ళకెందుకు? ఆ 'మా ఆవిడ' వాక్యాలు నూట నలభై ఉన్నాయి, తీసేద్దాం" అన్నాడు.

నన్ను వేళాకోళం చేసే మనిషి నాకు మిగిలింది ఆ పుస్తకంలోనే. అక్కణ్ణుంచీ పంపించేస్తే ఇంకెక్కడ వెతుక్కోను? ఆ మాట అతనితో అనగలనా! "పరీక్ష పెట్టకుండా ఏ వాక్యమూ కొట్టకూడదు, తెలుసా?" అని మీద పడ్డాను.

ఆ పద్ధతి ఉన్నమాటే. నేను ప్రూఫులు దిద్దే ఈ నిఘంటువుల ఆఫీసులో వాక్యం ఉండాలో పోవాలో తేల్చేది పండితులు కాదు. భాష నేర్చుకుంటున్న మనిషిని ఒకరిని పిలుస్తాం. వాక్యం చదివించి, పుస్తకం మూయించి, ఆ మాట ఎప్పుడు, ఎవరితో అంటారో చెప్పమంటాం. చెప్పలేకపోతే వాక్యం పోయినట్టే.

గురువారం మధ్యాహ్నం ఒక నర్సు వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. వేరే దేశం నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో మూడేళ్ళుగా పనిచేస్తోందట. సంచిలోంచి అట్ట ఊడిన పుస్తకం తీసింది. మా ఆయనదే. ఎడిటరు నన్ను "ప్రూఫులు చూసే అమ్మగారు" అని మాత్రం పరిచయం చేశాడు.

"ఇందులో 'మా ఆవిడ' అని వచ్చే వాక్యాలు మీకు కష్టంగా ఉన్నాయా?" అని ఆమెను అడిగాడు.

ఆమె నవ్వింది. "అయ్యో, లేదండీ. వచ్చిన కొత్తలో నాతో మాట్లాడేవాళ్ళు లేరు. గదికి వెళ్తే ఆవిడే నాకు తోడు. ఇవాళ దేనికి పోట్లాడిందా అని రోజూ వెతికేదాన్ని." పుస్తకం బల్లమీద పెట్టి, "ఆవిడ బాగున్నారా?" అంది.

ఎడిటరు నావైపు చూశాడు.

"ఆవిడకేం, గుండ్రాయిలా ఉంది. రాసినాయనే పోయాడు" అన్నాను.

గట్టిగానే అన్నాననుకున్నాను. పద్నాలుగు నెలల్లో నలుగురి ముందు ఒక్కసారీ రాని ఏడుపు, ఎక్కడ దాక్కుందో ఏమో, అప్పుడు ముంచుకొచ్చింది. ఆపుకుందామంటే ఆగితేనా!

ఆమెకి నేనెవరో అర్థమైపోయింది. కుర్చీ నా పక్కకి లాక్కుంది. బల్లమీద నేను ముట్టుకోని క్యారేజీ కనిపిస్తే, మూత తీసి నా ముందుకు జరిపింది.

"ముందు తిను. తిన్నాక ఎంతసేపైనా ఏడుద్దువుగాని, నేనిక్కడే ఉంటాను" అంది.

'ముందు' అన్న మాట కింద ఉంది ఆ వాక్యం. మా అమ్మ పోయిన రోజున ఆయన నాతో అన్న మాట. దాన్ని అచ్చులో చూసినప్పుడు నేను కొట్టెయ్యలేదు.

"పెద్దవాళ్ళని అలా 'తిను' అనకూడదండీ..." అంటూ ఎడిటరు సర్దబోయాడు.

"నువ్వూరుకో నాయనా. ఆయన నాతో మాట్లాడుతున్నాడు" అన్నాను.

అతను తలదించుకున్నాడు. "ఒక్కటీ తియ్యనమ్మా" అన్నాడు.

సరేనని చెబుదామంటే నోట్లో ముద్ద ఉంది. ఏడుస్తూనే మొత్తం తిన్నాను.