జతకట్టిన బస్తాలు

శుక్రవారం భోజనాలయ్యాక మా అత్తగారు బీపీ మిషన్ తెప్పించి సోంపు పళ్లెం పక్కన పెట్టిస్తారు. వచ్చిన చుట్టాలు ఒక్కొక్కరే కుర్తా చేయి పైకి మడుచుకుని నా ముందు కూర్చుంటారు. "ఇంట్లో డాక్టరు కోడలుండగా క్లినిక్‌కి పోవడమెందుకు," అంటారావిడ, ఇంకో గరిటె అఖ్నీ పులావు వడ్డించమన్నంత తేలిగ్గా. కరాచీలో మా మేమన్ వ్యాపారుల కుటుంబాల్లో డాక్టరు కోడలికి మంచి గిరాకీ. డ్యూటీకి వెళ్లే కోడలికి అంత లేదు. ఈ తేడా నాకు పెళ్లయిన నెలలోనే తెలిసింది.

నేను జోడియా బజార్ పిల్లని. మా నాన్నది బియ్యం టోకు వ్యాపారం. దేన్నైనా సరుకుగా చూడడం నాకు అక్కడ అబ్బింది, నన్ను నేను చూసుకోవడంతో సహా. అమెరికాలో రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పైశిక్షణ, కోరుకునే బయటిదేశపు డాక్టరు చదువు నిలవ ఉండే సరుకు కాదు. పట్టా పుచ్చుకుని ఐదేళ్లు దాటితే చాలా ఆసుపత్రులు దరఖాస్తు తెరిచైనా చూడవు. నాకిది ఐదో ఏడు. మొదటిది హౌస్‌జాబ్‌కి, అదే హౌస్‌సర్జన్ కొలువుకి, పోయింది, రెండోది పెళ్లికి. మూడోది ఒబైద్ రాసిన అమెరికా పరీక్షకి. నాలుగోది మళ్లీ ఒబైద్ అదే పరీక్షకి.

ఒబైద్ నా భర్త. అతనూ డాక్టరే. "ముందు నాది అయిపోనీ, నీది తాపీగా చూద్దాం," అన్నాడు పెళ్లయిన కొత్తలో. ఏసీ గది అతనికిచ్చారు. నేను ఇస్త్రీ గదిలో, ఇస్త్రీ బల్ల మీదే పుస్తకాలు పెట్టుకుని చదివాను. నేను రాసుకున్న నోట్సు వారానికోసారి ఏసీ గదిలోకి వెళ్లేది, టీ మరకలతో తిరిగొచ్చేది. అయినా మొదటి పరీక్ష తప్పాడు. అది ఒకసారి తప్పితే తర్వాత పాసైనా ఆ మచ్చ రికార్డులోంచి పోదు. "మధ్యలో కరెంటు పోయిందట, పాపం," అని అత్తగారు చుట్టాలకి చెప్పారు. కరాచీలో ఆ మాటని అనుమానించేవాళ్లు లేరు.

నేను మొదటిది ఒక్కసారికే పాసయ్యాను, అతను రెండోసారికి. రెండో పరీక్ష ఇద్దరం ఒకే నెలలో రాశాం. అతనికి రెండు వందల ఇరవై ఒకటి. నాకు అంతకంటే ఎక్కువే వచ్చింది. ఫలితాలొచ్చిన రోజు అత్తగారు వంటింట్లోకొచ్చి నా పక్కన ఉల్లిపాయలు ఒలిచారు. ఆవిడ ఉల్లిపాయ ముట్టుకోగా నేను చూసింది అదొక్కరోజే. "ఎవరైనా అడిగితే నీదీ రెండు వందల ఇరవై ఒకటే అని చెప్పమ్మా. మొగుడికంటే ఎక్కువ చెప్పుకుంటే ఏం బాగుంటుంది? అయినా అంకెదేముంది!" అంకెదేమీ లేకపోతే తగ్గించడమెందుకని నేను అడగలేదు. అలాగే అన్నాను. అందరికీ అదే చెప్పాను, ఆఖరికి మా నాన్నకి కూడా. కొనేవాడు నోరు తెరవకముందే ధర తగ్గించే గుమాస్తాని ఆయన మర్నాడు పనిలోకి రానివ్వడు. నేను ఏ బేరమూ లేకుండానే తగ్గించుకున్నాను, అదీ నవ్వుతూ.

ఆసుపత్రుల ఇంటర్వ్యూలు వీడియోలో జరిగాయి. నాకు ఏడు వచ్చాయి, ఒబైద్‌కి ఒకటి. ఇస్త్రీ గదిలో వెనక తెల్లదుప్పటి కట్టుకుని కూర్చున్నాను. ఒకదాని మధ్యలో మా ఆడబిడ్డ తలుపు తోసుకుని, "భాభీ, నా దుపట్టా ఇస్త్రీ అయిందా?" అంది. తెర మీద పెద్దమనిషి నవ్వాడు. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి వచ్చింది. ఆసుపత్రుల పేర్లు మనకిష్టమైన వరసలో రాసి ఇవ్వాల్సిన నెల. వాళ్లూ మన పేర్లు వరసలో రాస్తారు. మార్చిలో కంప్యూటరు రెండూ కలిపి ఎవరు ఎక్కడో తేలుస్తుంది. మొగుడూ పెళ్లాలు కావాలంటే తమ జాబితాలు జంటగా ముడేసుకోవచ్చు. ఇద్దరూ ఒప్పుకుంటేనే ఆ ముడి పడుతుంది. పడ్డాక మామూలుగా ఒకరికి చోటు దొరక్కపోతే రెండోవాళ్లకీ దొరకదు.

"జంటగా వేద్దాం," అన్నాడు ఒబైద్. "నా ఒక్క ఆసుపత్రి పక్కన నీ ఏడూ రాద్దాం."

"వాళ్లు మిమ్మల్ని కాదంటే?"

"ఇద్దరం ఇక్కడే ఉంటాం. వచ్చే ఏడు మళ్లీ చూద్దాం."

"వచ్చే ఏటికి నాకు ఐదేళ్లు దాటిపోతాయి. మీకు రాకపోయినా నాకు వచ్చేలా చివర్లో కొన్ని వరసలు రాసుకోవచ్చు. ఆ వీలుంది."

అతను ఫోన్‌లోంచి తలెత్తలేదు. "అవి వద్దు. నువ్వొక్కదానివే వెళ్లిపోతే ఇక్కడ నేను ఎవరికి ముఖం చూపించను?"

అతను చెడ్డవాడు కాదు. ఆ మాటంటుంటే గొంతు వణికింది కూడా. కానీ నా సంగతేమిటని అడిగే చోటు ఆ గొంతులో లేదు. మా నాన్న పురుగు పట్టబోయే నూకల బస్తాని మంచి బాస్మతి బస్తాతో జతకట్టి అమ్మేవాడు. ఇది కొంటేనే అది. తప్పే, కానీ దానివల్ల నూకల బస్తా అయినా గోదాము దాటేది. ఇక్కడ ఆ లాభం కూడా లేదు. నన్ను జతకట్టుకున్నందువల్ల అతనికి చోటు దొరికే అవకాశం పిసరంత పెరగదు. నాది మాత్రం తరిగి అతనిదంత అవుతుంది. ఉల్లిపాయలు ఒలిచిన రోజు లెక్కే ఇదీ.

ఆ శుక్రవారం ఎప్పటిలాగే మిషన్ బల్ల మీదకొచ్చింది. అత్తగారి పిన్ని కూతురు జుబేదా ఖాలా చేయి చాపి కూర్చుంది. బల్ల అవతల నుంచి ఒబైద్ అన్నాడు, "మెయిల్ పంపాను, చూడు. ఒప్పుకున్నానని నొక్కితే చాలు, ఒక్క నిమిషం పని."

కుడిచేత్తో పట్టీలోకి గాలి కొడుతూ ఎడమచేత్తో ఫోన్ తెరిచాను. రెండు మీటలున్నాయి, ఒప్పుకోవడానికి ఒకటి, కాదనడానికి ఒకటి. అతను చెప్పింది నిజమే, నిమిషం కూడా పట్టలేదు. ఫోన్ బోర్లా పెట్టి మళ్లీ పట్టీ వైపు తిరిగాను.

"నా మనవరాలు కూడా ఆ అమెరికా పరీక్షే రాస్తానంటోంది," అంది ఖాలా. "నీకెంత వచ్చిందన్నావమ్మా?"

"రెండు వందల ఇరవై ఒకటి," నా బదులు అత్తగారు చెప్పారు. "ఇద్దరికీ సమానం. అలా కలిసొచ్చింది."

ఒబైద్ ఫోన్ టింగుమంది. ముడి పడలేదన్న కబురు అతను చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను స్టెత్ చెవుల్లో పెట్టుకుని పట్టీలోంచి గాలి నెమ్మదిగా వదిలాను, ముల్లు దిగేదాకా చూశాను.

"నూట యాభై, తొంభై. ఉప్పు తగ్గించండి ఖాలా," అన్నాను పట్టీ విప్పుతూ. "మీ మనవరాలికి మాత్రం చెప్పండి. నాకొచ్చింది రెండు వందల యాభై ఆరు."