ఆగని బరువు

కొండ దిగుతుంటే లారీ బ్రేకు ఒక్కసారిగా నేలకంటా దిగిపోయింది. డ్రైవరు మళ్ళీ తొక్కినా పట్టలేదు. పక్కనున్న బావమరిది ముందుకి వేలు చూపించాడు.

“బావా, మలుపులో బ్రేకు పోయిన బళ్ళ కోసం పోసిన ఇసుక గుట్ట ఉంది. అందులోకి పోనిస్తే ఆగిపోతాం.”

“బండి ఆగుతుంది రా. వెనకున్న ఇనుప కడ్డీలు ఆగవు.”

బావమరిది జేబులోంచి ఫోన్ తీశాడు. “అక్కకి ఫోన్ చెయ్యనా?” అన్నాడు.

“చేసి ఏం చెప్తావ్? సీటు కిందికి దూరు.”

డ్రైవరు బండిని ఇసుకలోకి తిప్పి తనూ స్టీరింగు కిందికి వంగిపోయాడు. చక్రాలు కూరుకుపోయాయి. కడ్డీలకి కట్టిన గొలుసులు తెగాయి. కడ్డీలు కేబిన్ చీల్చుకుని, వాళ్ళ వీపుల మీదుగా ముందద్దం పగలగొట్టుకుంటూ పోయాయి.

లారీ ఆగింది.

“ఉన్నావా?”

“ఉన్నా బావా. లేవనా?”

“లేవకు.”

వెనక ఇంకో కడ్డీ మెల్లగా జారుతోంది.