ఏడో నంబరు ముక్కు

ఎండుమిరపకాయలు బాణలిలో పడగానే ఆమె మోచెయ్యి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అయినా తుమ్ములు ఆగలేదు. వరసగా పదకొండు. "తుమ్ములమ్మ మొదలెట్టింది," అని హాల్లో అత్తగారు నవ్వారు. భర్త పేపరు దించకుండానే, "ఎలర్జీ టెస్టులో ఏమీ లేదన్నారుగా. నీకేం, గుండ్రాయిలా ఉన్నావు," అన్నాడు. లేచొచ్చి స్టవ్ ఆపే దిక్కు మాత్రం లేదు.

పదేళ్లుగా విని విని ఆ మాట ఆమె కూడా నమ్మేసింది. అదే కొంప ముంచింది. ఆమె పనిచేసే ల్యాబ్‌లో ముక్కు లోపలి పొరని పలచగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద చూస్తారు. ఆ పొరలో సన్నటి నరాల కొసలుంటాయి. ఘాటు తగిలితే అవి న్యూరోపెప్టైడ్లనే పదార్థాల్ని వదులుతాయి, దాంతో రక్తనాళాలు ఉబ్బి ముక్కు బిగుసుకుంటుంది. రోగులతో పోల్చడానికి ఏ జబ్బూ లేనివాళ్ల పొర కావాలని డాక్టరమ్మ అడిగితే, తనదే ఇచ్చింది. ఫారంలో 'ఆరోగ్యవంతురాలు' అని రాసింది కూడా తన చేత్తోనే.

ఇవాళ నరాలు లెక్కపెట్టే రోజు. స్లైడ్ల మీద నంబర్లే తప్ప పేర్లుండవు. ఏడు తనదని ఆమెకొక్కదానికే తెలుసు. ఆ స్లైడు పెట్టి మైక్రోస్కోపులోకి వంగింది. పట్టించిన రంగు వల్ల న్యూరోపెప్టైడ్లు ఉన్నచోటల్లా ఆకుపచ్చగా మెరుస్తుంది. ఏ రోగి పొరలోనూ ఇంత మెరుపు చూడలేదు. మూడుసార్లు లెక్కపెట్టింది. తగ్గలేదు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే ఆ పొర మీద చేసిన రెండు నెలల పని నీళ్లపాలు. అబద్ధం రాశావా అని డాక్టరమ్మ నిలదీస్తే? ఉద్యోగం ఊడితే ఇంట్లో ఏం చెప్పాలి? ముక్కు జబ్బని చెబితే మళ్లీ నవ్వుతారు. ఏళ్ల తరబడి తనది నాటకమేమోనని తనకే అనుమానం పుట్టించారు కదా అనుకుంటే ఒళ్లు మండింది. లేచి డాక్టరమ్మను పిలిచింది.

"మేడం, ఏడో నంబరు నాది. తీసెయ్యండి."

డాక్టరమ్మ ఫారం వెతికి తీసింది. "బాగానే ఉన్నానని రాశావుగా?"

"ఇంట్లోవాళ్లు అనేదే రాశానండి."

డాక్టరమ్మ మైక్రోస్కోపులోకి వంగి చాలాసేపు చూసింది. తర్వాత ఫారం ఆమె ముందుకు జరిపింది.

"మరి నువ్వేమంటావు?"

ఆ ప్రశ్న ఇంతవరకూ ఆమెనెవరూ అడగలేదు. పెన్ను మూత తీసి పాత మాట కొట్టేసింది.

"పదేళ్లుగా నాకు బాగోలేదండి."