పదకొండో కోర్టు గీత

తడి గడ్డి. దాని మీద సుద్ద వాసన.

కిర్రు... కిర్రు... కిర్రు...

మెల్‌బోర్న్‌లోని కూయాంగ్ మైదానంలో తెల్లవారగానే వినపడే మొదటి చప్పుడు అదే. సుద్ద బండి చక్రం చప్పుడు. ఆ బండి తోసేది వాల్ ట్రెలోర్. ఇరవై రెండేళ్లుగా అక్కడి టెన్నిస్ కోర్టులకు తెల్లగీతలు గీస్తున్న మనిషి.

ప్రతి గీత మీదా బండి రెండుసార్లు నడవాలి. మొదటిసారి పోసింది గడ్డి తాగేస్తుంది. రెండోసారి పోసింది నిలుస్తుంది. అలా నిలిచిన గీత మీద బంతి పడితే సుద్ద లేస్తుంది — చిటికెడు తెల్లపొగ. అది లేచిందా, ఇక వాదన లేదు. బంతి లోపలే.

పందొమ్మిది వందల అరవై ఒకటి, జనవరి. ఆస్ట్రేలియా మొత్తానికీ పెద్ద పోటీలు ఆ ఏడు మెల్‌బోర్న్‌కి వచ్చాయి. వాల్ కూతురు నోరీన్ ఆడుతోంది.

పందొమ్మిదేళ్ల పిల్ల. ఈ గడ్డి మీదే పాకింది. ఈ గడ్డి మీదే పరుగు నేర్చింది.

మొదటి ఆట గెలిచింది. రెండోదీ గెలిస్తే ఇంగ్లండు వెళ్లే జట్టులో చోటిస్తామని జట్టును ఎంచే పెద్దలు మాటిచ్చారు. ఏప్రిల్‌లో ఓడ. తల్లి ఎడ్నా అప్పుడే అక్కడి చలికి ఉన్ని చొక్కా అల్లడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి అయిపోయింది కూడా.

ఆ ఉదయం తోటి పనివాడు కెవ్ డ్రిస్కల్ గడ్డికోసే యంత్రం ఆపి నవ్వాడు.

"ఏమోయ్ వాల్, పదకొండో కోర్టులో ఇవాళ మీ అమ్మాయి ఆటంట కదా. గీత కాస్త లావుగా గియ్యవోయ్. కన్నకూతురాయె, ఎవడడుగుతాడు?"

సరదాకే అన్నాడు పాపం. కెవ్ నోటికి తాళం లేదు, కడుపులో కుళ్లూ లేదు.

కానీ వాల్‌కి ఆ మాట ముల్లులా దిగింది. ఇరవై రెండేళ్లలో ఒక్కరూ అతణ్ణి వేలెత్తి చూపలేదు. లోకులు పలుగాకులు. రేపు నోరీన్ గెలిస్తే... తండ్రి గీత గెలిపించిందంటారేమో...

మొదటిసారి తోశాడు. గడ్డి తాగేసింది.

రెండోసారి — తోయలేదు.

పలచనైతే ఇద్దరికీ పలచనే కదా అనుకున్నాడు. బండి మళ్లించుకుని పన్నెండో కోర్టుకు వెళ్లిపోయాడు. నిజాయితీ ఉండాలి గానీ, మరీ ఇంతా?

మధ్యాహ్నం. ఉత్తరపు వేడిగాలి. వాల్ టోపీ చేతిలో పట్టుకుని కంచె వెనక నిలబడ్డాడు.

మూడో సెట్టు. నోరీన్ అయిదు, అవతలి అమ్మాయి మూడు. ఇంకొక్క పాయింటు వస్తే గెలుపే. ఒకే ఒక్కటి.

నోరీన్ కొట్టింది. బంతి ఎడమ మూలకు వెళ్లింది. గీత మీద పడింది. వాల్ చూశాడు. తన రెండు కళ్లతో చూశాడు.

సుద్ద లేవలేదు.

"అవుట్" అని గీత దగ్గర తీర్పు చెప్పే పెద్దాయన చెయ్యి చాపాడు. ఆయన తప్పేముంది?

నోరీన్ ఆ మూలకేసి చూసింది. తర్వాత కంచెకేసి చూసింది. వాల్ టోపీ అంచు తడుముకుంటూ ఉండిపోయాడు. మైదానం పనివాడికి ఆట మధ్యలో నోరు లేదు.

ఆ గేము పోయింది. ఆ వెనకే మరో మూడు. ఓడినవాళ్లు నవ్వుతూ చెయ్యి కలపాలి, అది అక్కడి మర్యాద. నోరీన్ నవ్వుతూనే కలిపింది.

సాయంత్రం బల్ల మీద వేయించిన గొర్రెమాంసం, ఉడికిన బఠానీలు.

"నాన్నా, ఆ బంతి గీత మీద పడింది కదూ?"

వాల్ చాకు కింద పెట్టాడు.

"ఎండ కళ్లల్లో కొట్టిందమ్మా... సరిగ్గా చూళ్లేదు."

ఎడ్నా తలెత్తింది. "గీసినవాడివి నువ్వు. నీకు కనపడకపోతే ఇంకెవరికి కనపడుతుందయ్యా?"

"పోనీలే అమ్మా," అంది నోరీన్. "బయటే పడుంటుంది. నాన్న గీసిన గీత మీద పడితే సుద్ద లేవకుండా ఉంటుందా?"

తిట్టినా బాగుండేది. నాలుగు మాటలు దులిపేసినా బాగుండేది.

మర్నాడు తెల్లవారగానే పదకొండో కోర్టుకు వెళ్లాడు. ఎడమ మూల. మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ఉంది.

బొటనవేలి అచ్చంత మరక. అక్కడ పలచని సుద్ద చెదిరి గడ్డి పైకి కనిపిస్తోంది. సగానికి పైగా గీత మీదే.

అరచెయ్యి దాని పక్కన పెట్టి ఏడ్చాడు. చప్పుడు లేకుండా ఏడ్చాడు.

అయిపోయిన ఆట తిరిగి రాదు. ఎవరూ మళ్లీ ఆడించరు. ఇంటికి పరుగెత్తి అమ్మాయిని తీసుకొచ్చి చూపించాలా? చూపిస్తే... తాను గెలిచానని అమ్మాయికి తెలుస్తుంది. తనను ఓడించిందెవరో కూడా తెలుస్తుంది.

చూపించకపోతే — ఒక్కసారి బండి నడిస్తే చాలు, ఈ మరక ఉండదు.

దూరం నుంచి కెవ్ కేకేశాడు. "వాల్, పదకొండు ఇంకా అవలేదా? ఆడేవాళ్లు వచ్చేస్తున్నారయ్యా."

లేచాడు. బండి పట్టుకున్నాడు.

కిర్రు... కిర్రు...

మరకకు జానెడు దూరంలో చక్రం ఆగింది.

తడి గడ్డి. దాని మీద సుద్ద వాసన...