ఆండాలు పేరు మీద అప్పు

పొద్దు వాలేసరికి ఆండాలు బర్రె పొదుగు కడిగి పాలు పిండడానికి కూర్చునేది. పిండిన పాలను కొడుకు అంజన్ పురానాపూల్ వంతెన దాటించి, పత్తర్‌గట్టిలో చాయ్ హోటలుకు పోసి వచ్చేవాడు. అక్కడ రాతి దుకాణాలు కొత్తగా లేస్తున్న రోజులవి. ఆమె పాలు పిండుతున్నంతసేపూ భర్త సాయిలు కొట్టం గడప మీద కూర్చుని చూసేవాడు. ఆయన చనిపోయి ఏడాది దాటింది.

ధూల్‌పేట్‌లోని ఆ గల్లీలో, అప్పు ఉండగా పోయినవాళ్లు అది తీరేదాకా సాయంత్రాలు ఇంటికి వచ్చి కూర్చోవడం మామూలే. మాట్లాడరు, తినరు. పక్కింటి బుచ్చమ్మ నీళ్ల బిందెతో పోతూ "ఏం సాయన్నా" అని పలకరిస్తే ఆయన తల ఊపేవాడు.

సాయిలు అప్పులు నాలుగు చోట్ల ఉన్నాయి. బాకీ మీద కొన్న రెండో బర్రె రోగమొచ్చి చచ్చిపోయింది; దాని డబ్బు బేరగాడికి ఇంకా కట్టాలి. దాణా దుకాణం రామలింగయ్యకు పత్తిగింజల బాకీ. ఆ రెండింటి వడ్డీ కట్టడానికి చేసినవి మిగతావి. వారంలో ఎవరో ఒకరు వచ్చి గుమ్మంలో నిలబడి అరిచిపోయేవారు.

షాలిబండలో వాసవాంబ అనే ఆవిడ, భర్త పోయాక ఆయన వడ్డీ వ్యాపారం తానే నడుపుతోంది. ఇల్లు తాకట్టు పెడితే బాకీలన్నీ తానే తీర్చి, తక్కువ వడ్డీకి ఒక్క అప్పుగా రాసుకుంటానంది.

"గట్లనే చేద్దామే అమ్మా," అన్నాడు అంజన్. "నెలకొక్కసారి ఒక్కరికిస్తే అయిపాయె. ఈ లొల్లి ఉండది."

"నలుగురున్నరు కాబట్టి ఒకన్ని ఆపి ఇంకొకనికిస్తున్న. ఒక్కతే అయితే ఎవర్ని ఆపాలె? రెండు నెలలు తప్పితే ఇల్లు వోతది."

"వడ్డీ తగ్గుతది గద."

"ఏండ్లు గూడ పెరుగుతయి."

ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ పైకి చెప్పనిది ఇంకొకటి ఉంది. ఆ కాగితాలన్నీ సాయిలు పేరు మీద ఉన్నాయి. బాకీ తీరి అవి చింపేసిన రోజు నుంచి ఆయన రాడు. అంజన్‌కూ ఆ సంగతి తెలుసు. అందుకే మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆషాఢంలో ఒక సాయంత్రం రామలింగయ్య గుమాస్తా ఎల్లప్ప వచ్చాడు. కోపిష్టి కాదు గానీ, ఆ రోజు యజమానితో తిట్లు తిని వచ్చాడు. ఆండాలు చేతిలో పెట్టిన చిల్లర చూసుకుని కొట్టం వైపు తిరిగాడు.

"బాకీదారు కూసుంటే నేను నిలబడాల్నా? లే సాయిలూ."

సాయిలు లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎల్లప్ప నోటికొచ్చినట్టు తిట్టి వెళ్లిపోయాడు.

"ఆయన పోయిండు, కూసో," అంది ఆండాలు.

సాయిలు కూర్చోలేదు. మర్నాడు కూడా వచ్చి నిలబడే ఉన్నాడు. ఆ తర్వాత రోజూ అంతే. బతికున్నప్పుడు నడుం నొప్పితో ఎంతో బాధపడ్డ మనిషి. ఇప్పుడు గోడకు చెయ్యి ఆనించి, అలాగే నిలబడి చూస్తుండేవాడు. ఆమె పీట తెచ్చి వేసింది. పట్టుకుని కూర్చోబెడదామంటే ఆ చెయ్యి ఆమె చేతికి అందలేదు.

వారం గడిచాక ఒకరోజు, పాలు పిండుతూ ఆమె ఆగిపోయింది.

"నాకు తోడుండాలని నిన్ను గిట్ల నిలబెట్టిన," అంది, ఆయన వైపు చూడకుండా. "రేపు షాలిబండకు పోత."

వాసవాంబ కాగితం రాయించి సిరా ముందు పెట్టింది. అంజన్ వేలిముద్రకు చెయ్యి చాపాడు. ఆండాలు ఆ చేతిని పక్కకు నెట్టింది.

"నా పేరు మీదనే రాయుండ్రి అమ్మా."

"ఇల్లు మీ అమ్మ నీకిచ్చిందే కాబట్టి రాయొచ్చు," అంది వాసవాంబ. "గాని నీకు వయసు మీద పడ్డది, ఆండాలూ. ఇది తీరకముందే నువ్వు పోతే, నువ్వొచ్చి కూసోవాలె. మా బాకీదార్లల్ల గట్లాంటోళ్లను మస్తుమందిని చూసిన. ఎరికేనా?"

"ఎరికే. పిలగాని పేరు మాత్రం వద్దు. వాడింక పెండ్లి గూడ చేసుకోలె."

ఆమె వేలిముద్ర వేసింది. వాసవాంబ మనిషిని వెంటబెట్టుకుని అంజన్ బాకీలు కట్టడానికి వెళ్లాడు. ఆండాలు పత్తర్‌గట్టి హోటల్లో పాల పైసల కోసం చాలాసేపు కూర్చుని, పొద్దు వాలుతుండగా పురానాపూల్ ఎక్కింది.

వంతెన సగంలో, ధూల్‌పేట్ వైపు నుంచి సాయిలు ఎదురొచ్చాడు. రుమాలు భుజాన వేసుకుని, నడుం నిటారుగా, వయసులో ఉన్నవాడిలా గబగబా నడుస్తున్నాడు. ఆండాలు ఆగిపోయింది. ఆయన ఆమెను చూశాడు. దారిలో ఎదురైన ఏ ఆడమనిషినైనా చూసినట్టే చూశాడు. పక్కకు జరిగి, ఆమె పోవడానికి చోటిచ్చి, ముందుకు సాగిపోయాడు.

పిలిస్తే ఆగుతాడేమో అనిపించింది. నోటిదాకా వచ్చిన పిలుపును మింగేసింది. జనంలో ఆ రుమాలు కనపడకుండా పోయేదాకా చూసి, ఇంటి దారి పట్టింది.

అంజన్ గుమ్మంలో ఎదురుచూస్తున్నాడు. కాగితాలన్నీ చింపించానని చెప్పబోయి, తల్లి ముఖం చూసి ఆగాడు.

"బాపు కనపడ్డడా తొవ్వల?"

"కనపడ్డడు."

"ఏమన్నడు?"

"తొవ్వ ఇచ్చిండు," అంది ఆండాలు.