మా క్విజ్‌లో నా ముప్పయ్యొక్క తప్పులు

మా రేడియో, టీవీ స్టేషన్‌లో హైస్కూలు పిల్లల క్విజ్‌కి నలభై ఏళ్ళు నిండాయి. మొదటి పన్నెండేళ్ళు అది రేడియోలో వచ్చేది, తరవాత టీవీకి మారింది. ముప్పై రెండేళ్ళుగా దానికి ప్రశ్నలు రాసి, తెర వెనక నుంచి చదువుతున్నది నేనే. బడిలో సైన్సు చెప్పే ఉద్యోగం నుంచి రిటైరయ్యాను గాని ప్రశ్నల నుంచి కాలేదు. స్టేషన్‌లో గేటు మనిషి నుంచి డైరెక్టరు దాకా అందరికీ నేను మాస్టారినే.

ఈ ఏడు కొత్తగా వచ్చిన ప్రొడ్యూసరు అమ్మాయికి ఒక ఆలోచన వచ్చింది.

"మాస్టారూ, ఏ ఏడాది ఎవరు గెలిచారో, ఎలా గెలిచారో మొత్తం చూపిస్తూ గంట కార్యక్రమం చేద్దాం. పాత టేపులు తీయిద్దాం" అంది.

ఇద్దరం టేపుల గదికి వెళ్ళాం. అక్కడి పెద్దాయన మా మొహాలు చూసి జాలిపడ్డాడు.

"ఏ టేపులు మాస్టారూ? అప్పట్లో టేపు దొరకడమే గగనం. ఆదివారం మీ క్విజ్ ఎక్కించేవాళ్ళం, బుధవారం దాన్నే చెరిపి ఫుట్‌బాల్ మ్యాచ్ ఎక్కించేవాళ్ళం. ఇరవై ఏళ్ళపాటు అంతే."

ఎంత గుర్తు తెచ్చుకున్నా పదేళ్ళ విజేతలకు మించి చెప్పలేకపోయాను. మిగతావాళ్ళంతా అక్షరాలా గాల్లో కలిసిపోయారు.

పాత రికార్డింగులు ఉన్నవాళ్ళు పంపమని మూడు ఆదివారాలు టీవీలో చెప్పించాం. ఒకాయన తన పెళ్ళి టేపు తెచ్చాడు. దాని చివర పదకొండు నిమిషాల క్విజ్ ఉంది, అదీ సగం గీతలు. ఆ తరవాత ఒక కార్డు వచ్చింది. "నా దగ్గర టేపులు లేవు. మొదటి వారం నుంచీ అన్నీ రాసి ఉంచాను. ఆదివారం పది నుంచి పదకొండు దాకా తప్ప ఎప్పుడైనా రావచ్చు." ఆ గంట మా క్విజ్ వచ్చే గంట.

ప్రొడ్యూసరు అమ్మాయీ నేనూ కార్డు మీది చిరునామాకి వెళ్ళాం. కింద కుట్టుకొట్టు, పైన ఇల్లు. గుమ్మంలోనే రెండు మిషన్లు, గోడ పొడుగునా తగిలించిన బడి యూనిఫారాలు. యాభయ్యయిదేళ్ళ ఆవిడ మెడలో కొలత టేపు, చెవి వెనక సుద్దముక్కతో లేచి నిలబడింది. పక్క మిషన్ మీద ఆవిడ కోడలు కాలర్లు కుడుతోంది.

"రండి మాస్టారూ. మీ గొంతు విన్నదాన్నే గాని మనిషిని చూడలేదు" అని బట్టల బీరువా తెరిచింది. కింది రెండు అరలనిండా నోటు పుస్తకాలు.

తేదీ, రెండు బడుల పేర్లు, ప్రశ్న, పిల్లలు చెప్పింది, మేం సరైనదన్నది. ఆ పక్కన ఇంకో వరస. దాని మీద "నేను" అని రాసి ఉంది. వారంవారం ఆవిడ స్కోరు!

"ఎందుకమ్మా ఇదంతా?" అన్నాను.

"తొమ్మిదో తరగతిలో ఉండగా మొట్టమొదటి పోటీకి మా బడిని పిలిచారు మాస్టారూ. వెళ్ళే నలుగురిలో నేనొకదాన్ని. వారం ముందు మా అమ్మకి కుడిచెయ్యి పడిపోయింది. ఒప్పుకున్న బట్టలు అలాగే ఉన్నాయి, నేను మిషన్ ఎక్కాను. నా బదులు ఇంకో పిల్ల వెళ్ళింది. ఆ ఆదివారం కుడుతూనే రేడియో విన్నాను. మావాళ్ళు చెప్పలేనివి రెండు నాకు తెలుసు. గట్టిగా అరిచి చెప్పాను. అమ్మ తప్ప వినేవాళ్ళెవరున్నారు? అందుకని రాసుకోవడం మొదలెట్టాను."

కోడలు అందుకుంది. "ఆ గంటసేపు మా అత్తయ్యతో ఎవరం మాట్లాడం సార్. ఇల్లంటుకున్నా జవాబు చెప్పాకే లేస్తుంది."

"మీరు టీవీకి మారినప్పుడు ఎంత కోపమొచ్చిందో!" అంది ఆవిడ. "కుట్టేదానికి చెవులు ఖాళీ గాని కళ్ళు ఖాళీయా? బొమ్మ చూపించి ఇదేంటని అడిగితే తలెత్తాలా వద్దా? ఆ ఏడాది నాకు విరిగినన్ని సూదులు ఊళ్ళో ఎవరికీ విరిగుండవు."

ప్రొడ్యూసరు అమ్మాయి నేలమీదే కూర్చుని పేజీలు తిప్పుతోంది. "మాస్టారూ, ఈ ఎర్ర గీతలేంటి?" అని అడిగింది.

కోడలు కిసుక్కున నవ్వి కాలర్ వెనక మొహం దాచుకుంది.

"అవి మాస్టారివి" అంది ఆవిడ మెల్లగా. "తప్పు ప్రశ్నలు. ఇన్నేళ్ళకీ ముప్పయ్యొకటే. ఎక్కువేం కాదులెండి."

నా చెవులు వేడెక్కాయి. స్టూలు మీద చతికిలబడి ఒక్కొక్కటే చదివాను. ఇరవై నాలుగు మారుమాట లేకుండా ఒప్పుకున్నాను. ఆరింటి మీద గట్టిగా పేచీ పెట్టాను, రెండు నెగ్గాను కూడా. చివరిది పద్నాలుగో ఏడాది ఫైనల్లోది. "లినెన్ బట్ట దేనితో తయారవుతుంది?" ఒక చిన్న బడి నుంచి వచ్చిన అమ్మాయి "అవిసె నార" అంది. నా కార్డు మీద "పత్తి" అని ఉంది. పది మార్కులు పోయాయి. ఆ బడి ఐదు మార్కుల తేడాతో ఓడిపోయింది.

"ఆ రోజు నా ఒళ్ళో ఉన్నది లినెన్ కోటే" అంది ఆవిడ. "మీకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు."

అప్పట్లో ఉత్తరాలు సంచుల్లో వచ్చేవి. పొగిడినవి విప్పి చదివేవాణ్ణి, తప్పు పట్టినవి తరవాత చూద్దామని పక్కన పడేసేవాణ్ణి. ఆ పత్తి మాట ఏదో చవక పుస్తకంలో చూసి, ఇంకో పుస్తకం తిప్పకుండానే కార్డు మీదకి ఎక్కించాను. క్లాసులో పిల్లలకు మాత్రం "ఒకటికి రెండుసార్లు చూసుకోండిరా" అని చెప్పేవాణ్ణి.

ఆ అమ్మాయిని వెతకడానికి నాలుగు రోజులు పట్టింది. బస్సు డిపోలో ఏ బండి ఎప్పుడు కదలాలో నిర్ణయించేది ఆవిడేనట. వెళ్ళేటప్పుడు "నేనూ వస్తాను" అని కుట్టుకొట్టు ఆవిడ ఆ పుస్తకం పట్టుకుని బయల్దేరింది.

డిపో ఆఫీసు గదిలో నలభై దాటిన మనిషి, ముందు గీతలు గీసిన పెద్ద కాగితం, చేతిలో పెన్సిలు. కిటికీ అవతల బస్సుల రొద.

"క్విజ్జా? చిన్నప్పుడెప్పుడో వచ్చాను సార్. ఓడిపోయాం. ఇప్పుడదంతా ఎందుకు?" అంది, తల ఎత్తకుండానే.

కుట్టుకొట్టు ఆవిడ పుస్తకం తెరిచి చదివింది. తేదీ, ప్రశ్న, "అవిసె నార". ఆ పక్కనే ఎర్రగా, "అమ్మాయి చెప్పిందే సరి".

గీత గీస్తున్న పెన్సిలు ఆగింది.

"ముందు పత్తి అనే అనుకున్నాను" అంది. "మావాళ్ళు ముగ్గురూ పత్తి అనే అన్నారు. నేనే కాదని పట్టుబట్టి మార్చాను. బస్సులో తిరిగెళ్తుంటే ఎవరూ నన్నేం అనలేదు, అదే బాధ. పై ఏడాది జట్టులోకి రమ్మంటే రానన్నాను. అప్పట్నుంచి ఏదైనా తెలిసినా, ముందు పక్కవాళ్ళని చెప్పనిచ్చేదాన్ని."

"తప్పు నాదమ్మా" అన్నాను. "నువ్వు సరిగ్గానే చెప్పావు. నేను సరిచూసుకోలేదు. నన్ను క్షమించు."

ఆవిడ నా వైపు కాదు, కుట్టుకొట్టు ఆవిడ వైపు చూసింది. "మీరెవరో నాకు తెలీదు. ఇన్నేళ్ళు ఎందుకు దాచారమ్మా ఇది?"

"నువ్వు కరెక్టు కదమ్మా. ఎక్కడో ఒకచోట ఉండాలి కదా."

డిపో ఆవిడ చప్పున లేచి కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి ఇటు తిరిగేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నా మొహం నవ్వుతోంది. "ఏడో నంబరు బండి ఆలస్యమైంది మీవల్ల" అంది.

ఆ ఏడాది గెలిచిన జట్టు నాయకుడు ఇప్పుడు పళ్ళ డాక్టరు. ఫోన్ చేసి విషయం చెబితే పగలబడి నవ్వాడు. "కప్పు వాళ్ళకిచ్చేయండి మాస్టారూ! మా బడి దాన్లో చాక్‌పీసులు పోసుకుంటోంది. నేనే వచ్చి ఇస్తాను." మాట మీద నిలబడ్డాడు కూడా. నలభయ్యో ఏటి కార్యక్రమంలో చాక్‌పీసు పొడి దులుపుతూ కప్పు చేతికిస్తుంటే, డిపో ఆవిడా, వెతికి పిలిపించిన ఆవిడ జట్టు ముగ్గురూ నవ్వలేక ఏడవలేక నిలబడ్డారు. టీవీలో నేను నా తప్పు నా నోటితోనే చదివాను.

ఆ తరవాత ప్రొడ్యూసరు అమ్మాయి కుట్టుకొట్టు ఆవిడ కథ అందరికీ చెప్పి, ఆవిడని ఈ ఏటి విజేతల ఎదురుగా బజర్ ముందు కూర్చోబెట్టింది. ఆవిడ మొదటి మూడింటికీ నోరు తెరవలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒళ్ళో నలుపుకుంటోంది. ఎదురు జట్టులోని పొట్టి పిల్ల అది చూసి, "ఆంటీ, మీ ఇల్లే అనుకోండి, అరిచేయండి" అంది. నాలుగో ప్రశ్నకి ఆవిడ బజర్ మీద కొట్టిన దెబ్బకి సౌండు మనిషి తలమీది హెడ్‌ఫోన్స్ లాగేసుకున్నాడు. వరసగా ఐదు చెప్పింది. చివరికి పదిహేను మార్కుల తేడాతో ఓడిపోయింది. పిల్లలు బల్ల దాటొచ్చి ఆవిడ చుట్టూ మూగారు. ఆ తొలి పోటీలో తనకు తెలిసిన రెండు జవాబులేమిటో ఆవిడ చెప్పేదాకా వదల్లేదు.

ఇప్పుడు ప్రతి గురువారం నేను ప్రశ్నల కార్డులు తీసుకుని కుట్టుకొట్టుకి వెళ్తున్నాను. ఆవిడ ఊ అన్నాకే అవి స్టేషన్‌కి చేరతాయి. మొన్న మూడు వెనక్కిచ్చింది. వాటిలో ఒకదాని మీద అరగంట వాదించి నేనే గెలిచాను. ఆ సంగతి గేటు మనిషితో సహా అందరికీ చెప్పాను.