జేబుల్లేని సంచి

"కాస్త ఇది నీ సంచిలో పడెయ్."

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన నాతో అన్నిటికంటే ఎక్కువసార్లు అన్న మాట ఏదని ఎవరైనా అడిగితే, తడుముకోకుండా ఇదే చెప్తాను. కళ్ళజోడు, తాళాలు, ఫోను ఛార్జరు, సగం తాగిన నీళ్ళ సీసా, దారిలో ఎవరో చేతిలో పెట్టిన పెళ్ళిపత్రిక. గుమ్మం దాటగానే ఆయన చేతులు ఖాళీ అయిపోతాయి, నా భుజం బరువెక్కుతుంది. ఇక ఆయన చేతులూపుకుంటూ ముందు నడుస్తారు, వెనకాల నేను. వెనక నుంచి చూస్తే ఆ చేతులు ఎంత హాయిగా ఊగుతాయో! ఆయన ఉద్యోగాన్ని చూసి గానీ, ఇంట్లో చెల్లుబాటయ్యే ఆయన మాటను చూసి గానీ నేనెప్పుడూ కుళ్ళుకోలేదు. ఆ ఊపును చూసి మాత్రం కుళ్ళుకున్నాను.

తమాషా ఏమిటంటే ఆ సంచి నేను కుట్టిందే. ఆఫీసు నుంచి వచ్చి, కూర పొయ్యి మీద పడేసి, వంటింటి పక్క నడవలో మిషను ముందు కూర్చుంటాను. రెండు గుడ్డల మధ్య పల్చటి దూదిపొర పరిచి, మూడింటినీ కలిపి ఐమూలగా గళ్ళు గళ్ళుగా కుట్టుకుపోతుంటే చేతికింద గుడ్డ మెత్తగా ఉబ్బుతుంది. ఆ కాసేపే నేను ఎవరికీ దొరకను. కుట్టు టీచరు ఇచ్చే పాటర్నులన్నీ పాత క్యాలెండర్ల వెనకవైపు గీసి, కత్తిరించి దాచుకుంటాను. ఆవిడ పాటర్నులో లోపల ఒక్కటే జేబు. నా సంచుల్లో ఏడు. మిగిలిన ఆరూ ఏళ్ళ మీద ఒక్కొక్కటే నేను కలిపినవి. ఏ జేబు కాగితం ఏదో తికమక పడకుండా ఒక్కోదాని మీదా రాసి పెట్టుకున్నాను: ఆయన కళ్ళజోడు, అత్తయ్య మాత్రలు, అమ్మాయి క్లిప్పులు, తాళాలు, సీసా, గొడుగు, ఆఫీసు.

ఆఫీసు జేబు సంగతి కూడా చెప్పాలి. మా సెక్షన్లో ఎవరికి తలనొప్పి వచ్చినా, గుండుసూదులు అయిపోయినా, మా సూపరింటెండెంటు గారు తలెత్తకుండానే "మేడమ్ సంచిలో చూడండయ్యా" అంటారు. నాకు 'నడిచే కొట్టు' అని పేరు పెట్టింది కూడా ఆయనే. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

మా టీచరు ఏడాదికోసారి శని, ఆదివారాలు మమ్మల్నందరినీ సముద్రం ఒడ్డున ఉన్న వాళ్ళ అన్నయ్యగారింటికి రమ్మంటుంది. పెద్ద వరండా, నాలుగు మిషన్లు, పదిమంది ఆడవాళ్ళు. కుట్టాలనిపిస్తే కుట్టడం, లేకపోతే ఊరికే కూర్చోవడం. మూడేళ్ళుగా నేను "వచ్చే ఏడు తప్పకుండా" అంటూనే ఉన్నాను. ఈసారి ఆవిడ పిలవలేదు. ఒక పాటర్ను తెచ్చి చేతిలో పెట్టింది.

"రెండు రోజుల బట్టలు పట్టే సంచి. కుట్టుకో. మా అన్నయ్య ఆ ఇల్లు అమ్మేస్తున్నాడు, మళ్ళీ ఏడు ఉండదు. నిన్ను బతిమాలే ఓపిక ఇంక నాకు లేదమ్మా."

సముద్రం నేను ఒక్కసారే చూశాను, కాలేజీ వాళ్ళు తీసుకెళ్ళినప్పుడు. అప్పుడూ గుడ్డసంచే. అందులో ఒక జత బట్టలు, దువ్వెన, తువ్వాలు, వేయించిన వేరుశెనగల పొట్లం. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, రెండు చేతులూ బార్లా చాపి ఏదో అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. ఆ చేతులు గుర్తున్నాయి. అన్నం వడ్డిస్తున్నప్పుడో, ఆఫీసులో ఫైళ్ళు సర్దుతున్నప్పుడో ఉన్నట్టుండి అవే గుర్తొస్తాయి. నాకు వెళ్ళాలని ఉంది. చిన్నపిల్లలు మారాం చేస్తారే, అంతగా ఉంది.

భోజనాల దగ్గర చెప్పాను.

"కుట్టుకోడానికి అంత దూరం ఎందుకు? మిషను ఇంట్లోనే ఉందిగా?" అన్నారాయన. వెటకారం కాదు, నిజంగానే అర్థం కాక అడిగారు.

"వెళ్ళిరావే, నేనొద్దంటానా?" అన్నారు అత్తయ్య. "ఏ రంగు మాత్ర ఏ పూటకో నాకు తెలిసి చావదు, అంతే."

అమ్మాయి పళ్ళెంలోంచి తలెత్తింది. "కొత్త సంచి కుడుతున్నావా అమ్మా? అయితే నా క్లిప్పుల జేబు ఈసారి కాస్త పెద్దది పెట్టు. ఇరుకైపోతోంది."

వద్దని ఎవరూ అనలేదు. మూడేళ్ళూ ఇలాగే ఎవరూ అనలేదు.

సంచి మొదలుపెట్టాను. నీలం గుడ్డ, లోపల లేత పసుపు లైనింగ్. వారం రోజులు గళ్ళే కుట్టాను. లైనింగ్ దగ్గరికొచ్చాక చేతులు వాటి దారిన అవి పనిచేసుకుపోయాయి. చూసుకునేసరికి కళ్ళజోడు జేబు కత్తిరించడం, కుట్టడం, అంచుకు గట్టికుట్టు వెయ్యడం కూడా అయిపోయింది. ఎవరూ అడగలేదు. ఎవరూ ఆ దరిదాపుల్లో లేరు. ఒంటరిగా సముద్రానికి వెళ్ళే సంచిలో ఆయన కళ్ళజోడుకు చోటు నేనే పెట్టాను!

మిగతా కాగితాలు కూడా ముందేసుకుని కూర్చున్నాను. ఏడు. వీటిలో నాది ఏది? పోనీ, ఇప్పుడు గీసుకుందామంటే ఎంత కొలతకు గీయాలి? నేను ఏం పెట్టుకుంటాను? ఎంత ఆలోచించినా దువ్వెన, తువ్వాలు, వేరుశెనగల పొట్లం తప్ప ఇంకేమీ తట్టలేదు. అవీ పందొమ్మిదేళ్ళ పిల్లవి. ఏడుపొచ్చింది. కూర మాడిన వాసన వచ్చేదాకా ఏడ్చాను.

తర్వాత ఆ జేబు విప్పేశాను. దారం వచ్చేసింది గానీ పసుపు లైనింగ్ మీద సూది రంధ్రాలు మాత్రం జేబు ఆకారంలోనే మిగిలాయి. గోటితో రుద్దితే కొన్ని పూడాయి, కొన్ని పూడలేదు. ఉండనీ అనుకుని లైనింగ్ అలాగే పెట్టి సంచి మూసేశాను. టీచరు పాటర్నులో ఉన్న ఆ ఒక్క జేబు కూడా కుట్టలేదు.

శనివారం పొద్దున్నే రెండు జతల బట్టలు, దువ్వెన, తువ్వాలు, వేరుశెనగల పొట్లం పెట్టాను. సగం సంచి ఖాళీగా ఉండిపోయింది. ఇంకేదైనా కుక్కమని చేతులు దురద పెట్టాయి. కుక్కలేదు. ఆరు కాగితాలు తీసుకెళ్ళి ఎవరి సామాన్ల దగ్గర వాళ్ళవి పెట్టాను. ఆయనది టీవీ దగ్గర కళ్ళజోడు కింద, అమ్మాయిది అద్దం ముందు. అత్తయ్య కాగితం వెనక ఏ రంగు మాత్ర ఏ పూటకో పెద్దక్షరాలతో రాసి, డబ్బా మీద పెట్టాను. ఆఫీసుది చించేశాను.

గుమ్మంలో ఆయన ఎదురొచ్చారు. "అయితే వెళ్తున్నావన్నమాట. ఎలాగూ బజారు మీదుగానే కదా, ఈ కళ్ళజోడు దారిలో షాపులో ఇచ్చెయ్, పుల్ల ఊడింది" అంటూ అలవాటు కొద్దీ నా సంచిలో చెయ్యి పెట్టారు. ఆ చెయ్యి లోపల ఒకవైపు తడిమింది. రెండోవైపు తడిమింది. అడుగుదాకా వెళ్ళి పైకొచ్చింది.

"జేబేదీ?"

"కుట్టలేదండీ."

"మర్చిపోయావా?"

"లేదు."

ఆయన నా మొహంలోకి చూశారు. ఆయన చెయ్యి బయటికి తీసేదాకా సంచి అలాగే పట్టుకున్నాను. కళ్ళజోడు ఆయన చేతిలోనే ఉంది. లోపల్నుంచి అత్తయ్య "ఏమైందిరా?" అంటున్నారు.

సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాను. అది బరువు లేదు. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి, వాటిని ఏం చేసుకోవాలో తోచలేదు. ఎదురింటావిడ చూస్తుందేమోనని వీధి చివరిదాకా కొంగు పట్టుకుని నడిచాను.

మలుపు తిరిగాక కొంగు వదిలేసి, చేతులు ఊపాను.